4 శాతం ఎవరికి?

అందరికీ నమస్కారం. పొద్దున్నే లాంగ్ రన్ చేసొచ్చి, ఇంటికెళ్లి నడుం వాల్చాల్సిన టైమ్‌లో ఇలా వచ్చి కూర్చున్నందుకు ముందుగా థాంక్స్.

పరుగు గురించి ఎక్కడ మాట్లాడినా, సభ అయిపోయాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి కాస్త మొహమాటపడుతూ అడుగుతారు. "సర్, ఆ కార్బన్ ప్లేట్ షూస్ వేసుకుంటే నిజంగానే స్పీడ్ పెరుగుతుందా? లేకపోతే అంతా కంపెనీల ప్రచారమేనా?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. జవాబు చివరిదాకా దాచిపెట్టి ఊరించను. పెరుగుతుంది. ప్రచారంలో అతిశయోక్తి ఉంది గానీ, అసలు విషయం అబద్ధం కాదు. పదేళ్ల కిందటి మంచి రేసింగ్ షూకీ, సోల్‌లో కార్బన్ ప్లేట్, కొత్త రకం ఫోమ్ ఉన్న ఇప్పటి సూపర్ షూకీ తేడా ఉందని ల్యాబుల్లో పదేపదే తేలింది. రేసుల ఫలితాల్లోనూ కనపడింది.

అయితే ఎంత పెరుగుతుంది అన్నదానికి అందరికీ సరిపోయే అంకె లేదు. ఎవరికి? ఏ వేగంలో? ఏ షూతో పోలిస్తే? ఈ మూడూ అడక్కుండా ఎవరైనా ఒక శాతం చెబితే దాన్ని పట్టుకుని డబ్బులు పెట్టకండి. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే.

ఈ కథ 2017లో మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకు ముందు ఏడాదే మొదలైంది. 2016 రియో ఒలింపిక్స్ మగవాళ్ల మారథాన్‌లో మొదటి ముగ్గురు ఎలియుద్ కిప్చోగే, ఫెయిసా లిలేసా, గేలెన్ రప్. ముగ్గురి కాళ్లకీ ఉన్నవి అప్పటికింకా మార్కెట్‌లోకి రాని నైకీ షూస్. ఆ సంగతి అప్పట్లో చూసేవాళ్లకి తెలియదు. 2017 మే 6న ఇటలీలోని మోంజా రేస్ ట్రాక్ మీద కిప్చోగే 2 గంటల 25 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేశాడు. వేగం నిలబెట్టడానికి ముందు పరిగెత్తే పేసర్లు మారుతూ రావడం వల్ల అది రికార్డుగా లెక్కలోకి రాలేదు గానీ, లోకం మొత్తం ఆయన కాళ్ల వైపు చూసింది. ఆ జులైలో షూ అమ్మకానికి వచ్చింది. పేరు వేపర్‌ఫ్లై 4 శాతం. అంకెను పేరులోనే పెట్టేశారు. ఆ అంకె దేనిదో మాత్రం కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. ఇప్పటికీ తెలియదు.

అది వేగం కాదు. శక్తి.

ఆ పరీక్ష ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను. విధానం తెలిస్తేనే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్‌లో రోజర్ క్రామ్ అనే ప్రొఫెసర్ ల్యాబ్ ఉండేది. అక్కడ వౌటర్ హూగ్‌కామర్ ముందుండి ఈ ప్రయోగం నడిపారు. మంచి వేగంతో పరిగెత్తగలిగే 18 మంది రన్నర్లను తీసుకున్నారు. ట్రెడ్‌మిల్ మీద గంటకు 14, 16, 18 కిలోమీటర్ల వేగాలు. ఒక్కో పరుగు 5 నిమిషాలు. నోటికి గొట్టం పెట్టి, వదిలే గాలిలో ఆక్సిజన్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని కొలుస్తారు. మొదటి కొన్ని నిమిషాలు పక్కన పెట్టేసి, శ్వాస ఒక స్థాయిలో కుదురుకున్నాక వచ్చే చివరి 2 నిమిషాల లెక్కనే తీసుకుంటారు. దాన్నిబట్టి ఆ వేగంలో పరిగెత్తడానికి ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో తెలుస్తుంది. దీన్నే రన్నింగ్ ఎకానమీ అంటారు. బండికి మైలేజీ ఎలాగో, రన్నర్‌కి ఇది అలాగ.

పోల్చడానికి రెండు షూస్ పెట్టుకున్నారు. ఒకటి నైకీదే పాత రేసింగ్ షూ. రెండోది ఆడిడాస్ ఆడియోస్ బూస్ట్. 2014 బెర్లిన్‌లో డెన్నిస్ కిమెట్టో 2:02:57తో ప్రపంచ రికార్డు కొట్టింది ఆ రకం షూతోనే. అంటే పోలిక ఏదో నాసిరకం షూతో కాదు, అప్పటి రికార్డు షూతో. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. కొత్త షూ తేలిక. బరువు తగ్గితే శక్తి ఖర్చు తగ్గుతుందని ఎప్పటినుంచో తెలుసు, షూకి 100 గ్రాములు పెరిగితే ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుంది. అందుకని తేలికగా ఉన్న షూస్‌కి చిన్న చిన్న సీసపు గుళ్లు అతికించి మూడు రకాలనీ ఒకే బరువుకి తెచ్చారు. అప్పుడు మిగిలే తేడా బరువువల్ల వచ్చింది కాదని ఖాయంగా చెప్పొచ్చు.

ఫలితం, సగటున 4 శాతం తక్కువ శక్తి. 18 మందిలో ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత లాభం వచ్చింది. కానీ అతి తక్కువ వచ్చినవాళ్లకి 2 శాతం కూడా లేదు, ఎక్కువ వచ్చినవాళ్లకి 6 దాటింది. డబ్బా మీద 4 అని ఉంది. ఇంటికెళ్లేది మాత్రం ఒకరు రెండుతో, ఒకరు ఆరుతో.

ఇక్కడ మీరు అడగాల్సిన మాట ఒకటుంది. ఆ ప్రయోగానికి డబ్బు ఎవరిచ్చారు? నైకీయే ఇచ్చింది. పరిశోధనా పత్రం రాసినవాళ్లలో కంపెనీ ఉద్యోగులూ ఉన్నారు. ఆ సంగతి పత్రంలోనే రాసి ఉంది. కాబట్టి అనుమానపడటం తప్పు కాదు, అవసరం. అందుకే తర్వాత వచ్చిన ఫలితాలకు నేను ఎక్కువ విలువిస్తాను. 2019లో బార్న్స్, కిల్డింగ్ చేసిన పరీక్షలో ఆడియోస్‌తో పోలిస్తే మళ్లీ 4 శాతానికి కాస్త పైనే వచ్చింది. అదే ట్రాక్ స్పైక్స్‌తో, అంటే అడుగున మేకులుండే షూస్‌తో పోలిస్తే మాత్రం 2.6 శాతమే. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో హంటర్ బృందానికి 3 లోపే వచ్చింది. అంకెలు అటూ ఇటూ అయ్యాయి, దిశ మాత్రం మారలేదు. దేనితో పోలుస్తున్నాం అన్నదాన్నిబట్టి అంకె ఎలా మారిపోతోందో కూడా గమనించండి. మీరు ఇప్పుడు వేసుకుంటున్నది మందపాటి బరువైన ట్రైనింగ్ షూ అయితే మీకు వచ్చే తేడా వేరు. ఇప్పటికే మంచి ఫోమ్ ఉన్న తేలికపాటి షూ అయితే వేరు.

సరే, ఇంతకీ ఆ షూలో ఏముంది? "కార్బన్ షూస్" అని పేరు పడిపోవడంతో అందరి దృష్టీ ప్లేట్ మీదికి పోయింది. ప్లేట్ ఒక స్ప్రింగ్‌లా మనల్ని ముందుకు విసురుతుందని చాలామంది నమ్మకం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ముందు ఫోమ్ సంగతి చూద్దాం. మామూలు షూస్‌లో వాడేది ఇ.వి.ఎ. అనే ఫోమ్. వీటిలో వాడింది పెబాక్స్ రకం, పెబా అని కూడా అంటారు. రెండు గుణాలున్నాయి దీనికి. అడుగు పడగానే బాగా కుంగుతుంది, కుంగేటప్పుడు తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగం తిరిగి ఇచ్చేస్తుంది. కొలరాడో బృందమే ఈ మూడు షూస్‌నీ మెషిన్‌లో పెట్టి, పరిగెత్తే మనిషి కాలు ఎంత బలంతో ఎంతసేపు నొక్కుతుందో అంతే నొక్కి చూసింది. కొత్త షూ మిగతా రెండిటికంటే దాదాపు రెట్టింపు లోతు కుంగింది. తీసుకున్న శక్తిలో 87 శాతం వెనక్కి ఇచ్చింది. ఆడిడాస్ షూ 76 శాతం దాకా, నైకీ పాత షూ 65 శాతం పైచిలుకు. శాతాలకన్నా ముఖ్యం అసలు మొత్తం. శక్తిని కొలిచే జౌళ్ల లెక్కలో, ఒక్కో అడుగుకీ కొత్త షూ తిరిగిచ్చింది 7 జౌళ్లకు పైగా, మిగతావి మూడున్నర చొప్పున. మెత్తగా ఉండి శక్తిని మింగేసే ఫోములు మనకు ముందే తెలుసు. గట్టిగా ఉండి తిరిగిచ్చే ఫోములూ ఉన్నాయి. మెత్తగా ఉంటూనే తిరిగిచ్చేది, పైగా బరువు లేనిది, కొత్తగా వచ్చింది. బరువు లేదు కాబట్టే సోల్ అంత ఎత్తు పెట్టగలిగారు.

మరి ప్లేట్? మసాచుసెట్స్ యూనివర్సిటీలో లారా హీలీ, హూగ్‌కామర్ కలిసి చేసిన పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దాంట్లో ఊహాగానాలు లేవు. షూ తీసుకుని, ముందు భాగంలో రంపంతో అడ్డంగా ఆరు కోతలు పెట్టారు. ప్లేట్ ముక్కలైపోయింది. ఫోమ్ అలాగే ఉంది. ఇప్పుడు అదే షూని వేసి పరిగెత్తించారు. ప్లేట్ స్ప్రింగ్‌లా తోసేదే అయితే లాభం పెద్ద మొత్తంలో పోవాలి కదా? పోలేదు. ఖర్చు అర శాతం మాత్రం పెరిగింది, అది కూడా లెక్కల ప్రకారం ఖాయంగా చెప్పగలిగినంత తేడా కాదు.

దీన్నిబట్టి ప్లేట్ దండగ అనకూడదు. అంత ఎత్తు, అంత మెత్తదనం ఉన్న ఫోమ్ మీద నిలకడగా అడుగేయడం కష్టం. వంపు తిరిగిన ప్లేట్ ఆ మెత్తదనానికి ఒక ఆకారం ఇస్తుంది, కాలివేళ్ల దగ్గర కీలు వంగేటప్పుడు పోయే శక్తిని కొంత ఆపుతుంది, పిక్క కండరం పని చేసే తీరునీ కొంత మారుస్తుంది. ఫోమ్, ప్లేట్, ఎత్తు, ఆకారం అన్నీ కలిసి పనిచేస్తాయి. అందుకే "ఇందులో కూడా కార్బన్ ప్లేట్ ఉందండీ" అని చూపించే ప్రతి షూ సూపర్ షూ అయిపోదు. మామూలు ఫోమ్‌లో ప్లేట్ పెట్టి అమ్మేవి ఉన్నాయి. 2022లో ఏడు రకాల ప్లేట్ షూస్‌ని పక్కపక్కన పరీక్షిస్తే, వాటిలో కొన్ని పాతకాలం రేసింగ్ షూ కంటే ఏమాత్రం మెరుగ్గా లేవని తేలింది. కొనేటప్పుడు ప్లేట్ ఉందా అని కాదు, ఫోమ్ ఏమిటి అని అడగండి.

ఇప్పుడు శక్తి నుంచి టైమ్‌కి వద్దాం. 4 శాతం శక్తి మిగిలితే 4 శాతం వేగం పెరగాలి కదా అనిపిస్తుంది. 2 గంటల 5 నిమిషాల రన్నర్ ఏకంగా 2 గంటలకి వచ్చేయాలి. అలా జరగదు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకోవడం అంతకంత పెరుగుతుంది, మిగిలిన శక్తిలో కొంత దానికే పోతుంది. కిప్, క్రామ్, హూగ్‌కామర్ 2019లో ఈ లెక్క వేశారు. వేగంగా పరిగెత్తేవాళ్ల విషయంలో మిగిలిన శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే వేగంగా మారుతుంది. అంటే 4 శాతం శక్తి దక్కిన 2:05 రన్నర్‌కి మూడు నిమిషాల పైచిలుకు తగ్గుతుంది. ఆ స్థాయిలో మూడు నిమిషాలంటే మామూలు విషయం కాదు. గెలిచినవాడికీ, కెమెరాకి కూడా అందనివాడికీ మధ్య ఉన్న తేడా అది.

నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకి గాలి బాధ తక్కువ కాబట్టి, లెక్క ప్రకారం శక్తి ఆదా వాళ్లకి వేగంగా ఇంకా బాగా మారాలి. వినడానికి బాగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అసలు ఆదాయే తగ్గిపోతోంది. 2023లో జౌబర్ట్ బృందం గంటకు 12, 10 కిలోమీటర్ల వేగంలో ఈ షూస్‌ని పరీక్షించింది. 10 కిలోమీటర్ల వేగం అంటే మారథాన్ 4 గంటల 13 నిమిషాలకి అటూ ఇటూ. ఇక్కడున్న మనలో చాలామంది వేగం అదే. 12 దగ్గర సగటు ఆదా 1.4 శాతం, 10 దగ్గర 0.9 శాతం. కొందరికి అసలు లాభమే కనపడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఫోమ్ ఎంత కుంగితే అంత తిరిగిస్తుంది, ఎంత కుంగుతుందన్నది మనం ఎంత బలంతో అడుగేస్తామన్నదాన్నిబట్టి ఉంటుంది. నెమ్మది పరుగులో కాలు నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, నొక్కే బలం తక్కువ. 18 కిలోమీటర్ల వేగానికి తగ్గట్టు తయారుచేసిన వస్తువు నుంచి 9 కిలోమీటర్ల వేగంలో అదే ఫలితం ఆశించకూడదు.

వేగం ఒకటే అయినా మనుషులు వేరు. 2023లోనే వచ్చిన నాప్ బృందం పత్రం చదివినప్పుడు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ప్రపంచ స్థాయి కెన్యా రన్నర్లు ఏడుగురు, యూరప్ అమెచ్యూర్ రన్నర్లు ఏడుగురు. అందరికీ మూడు రకాల సూపర్ షూస్ వేసి, ఒక మామూలు పల్చటి షూతో పోల్చారు. కెన్యా వాళ్లలో కొలతలు ఒక కొసన 11 శాతం లాభం, ఇంకో కొసన 11 శాతం నష్టం దాకా వెళ్లాయి. అవును, నష్టం. ప్రపంచంలోనే అత్యుత్తమ స్థాయి రన్నర్, ప్రపంచంలోనే అత్యుత్తమ షూ, కలిపితే ఖర్చు పెరిగింది. తక్కువ మందితో చేసిన పరిశోధన అది, కొలతల్లో కొంత గందరగోళం తప్పదు, కాబట్టి ఆ 11ని పట్టుకుని వేలాడక్కర్లేదు. అయినా "సగటు" అనే మాట ఎంతమందిని కప్పేస్తుందో అర్థం కావడానికి అది చాలు. ఒకే మనిషికి ఒక కంపెనీ షూ కలిసొచ్చి, ఇంకో కంపెనీది కలిసిరాకపోవడం కూడా అందులో కనపడింది.

ల్యాబ్ బయట ఏం జరిగిందో చూద్దాం. 2003లో లండన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ పెట్టిన ఆడవాళ్ల మారథాన్ రికార్డు 2:15:25 పదహారేళ్లు చెక్కుచెదరలేదు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో కిప్చోగే 1:59:40లో మారథాన్ దూరం పరిగెత్తాడు, అది కూడా రికార్డు లెక్కలోకి రాని పరుగే. ఆ మర్నాడే షికాగోలో బ్రిజిడ్ కోస్గే 2:14:04తో రాడ్‌క్లిఫ్ రికార్డుని 81 సెకన్లు దాటేసింది. ఇద్దరివీ కొత్త తరం షూసే. 2023 సెప్టెంబర్‌లో బెర్లిన్‌లో టిగిస్ట్ అసెఫా 138 గ్రాముల ఆడిడాస్ షూతో 2:11:53. ఆ తర్వాతి నెలలోనే షికాగోలో, మగవాళ్లలో, కెల్విన్ కిప్టుమ్ 2:00:35. కిమెట్టో రికార్డు నుంచి కిప్టుమ్ దాకా తొమ్మిదేళ్లలో తగ్గింది 2 శాతం లోపు. రాడ్‌క్లిఫ్ నుంచి అసెఫా దాకా రెండున్నర శాతం పైగా.

రికార్డులు ఒకరిద్దరివి, వాటితో రుజువు చేయలేం. ప్రతి ఏటా మొదటి వంద మంది టైములు తీసుకుని చూసినవాళ్లు ఉన్నారు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంఘమైన వరల్డ్ అథ్లెటిక్స్‌కి చెందిన స్టెఫాన్ బెర్మన్ బృందం 2012 నుంచి 2019 దాకా అలా చూసింది. 2017 నుంచి రోడ్ రేసుల్లో టైములు స్పష్టంగా దిగాయి. ఆడవాళ్లలో ఎక్కువగా, మగవాళ్లలో కొంచెం తక్కువగా. ల్యాబ్‌లో చూసిన దానికీ, రోడ్డు మీద జరిగినదానికీ పొంతన కుదిరింది.

ట్రాక్ మీదికొచ్చేసరికి నేను అంత ధీమాగా మాట్లాడను. 2020 అక్టోబర్ 7 రాత్రి వాలెన్సియాలో జాషువా చెప్టెగాయ్ 10,000 మీటర్లు 26:11.00లో పరిగెత్తి, కెనెనిసా బెకెలే 2005లో పెట్టిన 26:17.53 రికార్డు తీసేశాడు. అదే రాత్రి, అదే ట్రాక్ మీద లెటెసెన్‌బెట్ గిడే ఆడవాళ్ల 5,000 మీటర్ల రికార్డు కొట్టింది. కొత్త ఫోమ్ స్పైక్స్ ఉన్నాయి, నిజమే. కానీ ట్రాక్ లోపలి అంచున రికార్డు వేగంతో పరిగెత్తే లైట్లు కూడా ఉన్నాయి. ఏ ల్యాప్‌లో ఎంత ముందున్నానో, ఎంత వెనకబడ్డానో కళ్లముందే కనపడుతుంది. ఆ ఆరు సెకన్లలో స్పైక్స్ వాటా ఎంత, లైట్ల వాటా ఎంత అని విడదీయలేం. మారథాన్‌లో కూడా ఇదే కాలంలో రేసు మధ్యలో తాగే కార్బోహైడ్రేట్ డ్రింకులు మెరుగయ్యాయి, పేసింగ్ మెరుగైంది. డోపింగ్ అనుమానాలూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఇంకోటి ఉంది, దాన్ని రన్నర్లే ఎక్కువగా చెబుతారు. ఈ షూస్‌తో గట్టి వర్కవుట్ చేసినా మర్నాడు కాళ్లు అంతగా పట్టేయడం లేదు, దాంతో ట్రైనింగ్ ఎక్కువ చేయగలుగుతున్నారు. అంటే షూ లాభం రేసు రోజున మాత్రమే కాదు, రేసుకి ముందు నెలల్లో కూడా పోగవుతోంది.

ఇంకో విషయం చెప్పాలి. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2016 ఫిబ్రవరి, లాస్ ఏంజెలెస్. రియోకి అమెరికా మారథాన్ జట్టు ఎంపిక. ప్రతి విభాగంలో మొదటి ముగ్గురికే చోటు. ఆడవాళ్లలో కారా గౌచర్ నాలుగో స్థానంలో వచ్చింది. మూడో స్థానానికి తేడా ఒక నిమిషం పైచిలుకు. ఆమె ముందు వచ్చిన ముగ్గురిలో ఇద్దరు, ఎమీ క్రాగ్, షలేన్ ఫ్లానగన్, ఆరోజు పరిగెత్తింది అమ్మకంలో లేని ఆ కొత్త నమూనా షూస్‌తో. గౌచర్‌కి అది తర్వాత తెలిసింది. వాళ్లిద్దరూ ఏ రూలూ తప్పలేదు, గొప్ప రన్నర్లు, వాళ్లని వేలెత్తి చూపడం లేదు. కానీ జీవితమంతా సిద్ధపడిన రేసులో, పక్కన పరిగెత్తేవాళ్ల కాళ్లకి తనకి దొరకనిది ఏదో ఉందని తెలియకుండా పరిగెత్తడం అన్యాయం. షూ రన్నర్‌ని వేగవంతం చేస్తుందన్న నిజం అభిమానులకి ఒక చర్చ మాత్రమే. అలాంటి నాలుగో స్థానంవాళ్లకి అది ఒలింపిక్స్.

రూల్ ఉండేది. షూ అన్యాయమైన సాయం చేయకూడదు, అందరికీ అందుబాటులో ఉండాలి అని. సాయం ఎంత దాటితే అన్యాయమో చెప్పే కొలత లేదు. 2020 జనవరి 31న వరల్డ్ అథ్లెటిక్స్ చివరికి కొలతలు పెట్టింది. రోడ్డు మీద సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లోపల ఒక్క ప్లేటే ఉండాలి, రేసుకి ముందే మార్కెట్‌లో దొరుకుతూ ఉండాలి. ట్రాక్‌కి తర్వాత వేరే పరిమితులు వచ్చాయి, 2024 నవంబర్ నుంచి అన్ని ట్రాక్ ఈవెంట్లకీ 20 మిల్లీమీటర్లు. ఈతలో ఇలాంటి ముచ్చటే జరిగింది. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో కొత్త రకం సూట్లతో 43 ప్రపంచ రికార్డులు పడ్డాయి, 2010 నుంచి ఆ సూట్లు నిషేధించారు. పరుగులో నిషేధించలేదు, గీత గీసి వదిలారు. నిషేధించకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం, కాకపోతే ఆ గీత గీయడానికి నాలుగేళ్లు పట్టకూడదు.

ఆ గీత ఉత్తుత్తిది కాదు. 2021 సెప్టెంబర్‌లో వియన్నా మారథాన్‌లో ఇథియోపియా రన్నర్ డెరారా హురీసా మొదట ఫినిష్ లైన్ దాటాడు. కాసేపటికి అతన్ని అనర్హుడన్నారు. అతను వేసుకున్న ట్రైనింగ్ షూ సోల్ 50 మిల్లీమీటర్లు, పరిమితికి ఒక సెంటీమీటర్ ఎక్కువ. మొదటి స్థానం కెన్యా రన్నర్ లియొనార్డ్ లంగట్‌కి వెళ్లింది.

దెబ్బల గురించి రెండు మాటలు. 2023లో ఆడమ్ టెన్‌ఫోర్డ్ బృందం ఐదుగురు అథ్లెట్ల వివరాలు ప్రచురించింది. కార్బన్ ప్లేట్ షూస్ వాడాక పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముకకి ఒత్తిడి గాయం అయినవాళ్లు. ఐదుగురితో "ఈ షూస్ ప్రమాదం" అనేయలేం. కానీ బరువు పడే చోటు మారుతుంది, దానికి కాలు అలవాటుపడటానికి టైమ్ ఇవ్వాలి. రేసు ముందురోజు డబ్బా తెరిచి, మర్నాడు 42 కిలోమీటర్లు పరిగెత్తే పని మాత్రం పెట్టుకోకండి. పాదం మధ్యలో, పైభాగాన వేలితో నొక్కితే ఒక్కచోటే నొప్పి తెలుస్తుంటే పరుగు ఆపి డాక్టర్‌ని కలవండి. పిల్లల దగ్గరికి వచ్చేసరికి, ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో రోజూ ట్రైనింగ్‌కి ఇవి వేయించడం నాకు ఇష్టం లేదు.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: నేను మారథాన్ ఐదు గంటల్లో చేస్తాను. ఈ షూస్ కొనడం దండగేనంటారా?)

దండగ అనను అమ్మా. ఐదు గంటలు పరిగెత్తడం అంటే కాళ్లు ఐదు గంటలు దెబ్బలు తినడం. ఆ ఫోమ్ మెత్తదనంవల్ల చివరి 10 కిలోమీటర్లు మీకు తేలిగ్గా అనిపిస్తే అది చిన్న లాభమేం కాదు. కానీ డబ్బా మీది శాతాన్ని చూసి 12 నిమిషాలు తగ్గుతాయని లెక్కేసుకుని కొనకండి. మీ వేగం ఆ పరీక్షలు జరిగిన వేగాలకన్నా తక్కువ. పైగా అంత ఎత్తు సోల్ మీద నెమ్మదిగా పరిగెత్తేటప్పుడు, అలిసిపోయాక, చీలమండ పక్కకి ఒరగొచ్చు. వేసుకుని నిదానంగా ఓ గంట పరిగెత్తి చూడండి. మలుపుల దగ్గర కాలు వణుకుతున్నట్టు అనిపిస్తే ఆ షూ మీది కాదు. అదే డబ్బుతో మంచి ఫోమ్ ఉండి, ప్లేట్ లేని షూ దొరుకుతుంది. మీ వేగానికి నేనైతే దాన్నే ముందు చూడమంటాను.

(మరొకరు: నాకు పనిచేస్తోందో లేదో ల్యాబ్ లేకుండా ఎలా తెలుస్తుంది సర్?)

కొత్త షూ వేసుకున్న మొదటి రోజు బాగా పరిగెత్తామని దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కొత్తది వేసుకున్నామన్న ఉత్సాహమే కొన్ని సెకన్లు తగ్గిస్తుంది. ఏ షూ వేసుకున్నాడో రన్నర్‌కి తెలియకుండా దాచడం ల్యాబ్‌లో కూడా కుదరదు.

ఇలా చేయండి. చదునుగా ఉండే ఒక దారి, 2 కిలోమీటర్లు చాలు. ఎండ, గాలి ఎక్కువ లేని పొద్దుటిపూట. వార్మప్ అయ్యాక పాత షూతో ఒకసారి, తర్వాత కొత్త షూతో రెండుసార్లు, మళ్లీ పాత షూతో ఒకసారి. మధ్యలో ఒకేలా విశ్రాంతి. నాలుగుసార్లూ ఒకే వేగం, మీరు హాఫ్ మారథాన్ పరిగెత్తే వేగానికి దగ్గరగా. చూడాల్సింది టైమ్ కాదు, గుండె వేగం. పాత, కొత్త, కొత్త, పాత అని ఎందుకంటే, అలిసేకొద్దీ గుండె వేగం దానంతటదే పెరుగుతుంది. ఈ వరసలో ఆ పెరుగుదల రెండు షూస్‌కీ సమానంగా పంచుకుపోతుంది. ల్యాబుల్లో కూడా ఇలాగే అద్దంలో తిప్పినట్టు వరస పెడతారు. చేతి వాచ్‌కన్నా ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ అయితే కొలత నమ్మకంగా ఉంటుంది. ఒక్కరోజుతో తేల్చకండి, నిద్ర తక్కువైనా, ఒక కాఫీ ఎక్కువైనా గుండె వేగం మూడు నాలుగు కొట్టుకోవడాలు అటూ ఇటూ అవుతుంది. వేరే వారాల్లో మళ్లీ చేయండి. ప్రతిసారీ కొత్త షూలోనే తక్కువ వస్తుంటే మీకు అది పనిచేస్తున్నట్టే.

ఇంకోటి, ఎన్ని కిలోమీటర్లు వాడారో రాసుకోండి. పెబా ఫోమ్ తేలిగ్గా అలిసిపోతుంది. 450 కిలోమీటర్లు పరిగెత్తాక దాని ఆధిక్యం పోయి, మామూలు ఇ.వి.ఎ. ఫోమ్ షూ స్థాయికి వచ్చేసిందని స్పెయిన్ పరిశోధకులు 2023లో చూపించారు. పైకి చూస్తే షూ కొత్తగానే కనపడుతుంది. కాబట్టి వాటిని రేసులకీ, రేసు ముందు చేసే నాలుగైదు గట్టి వర్కవుట్లకీ ఉంచుకుని, మిగతా రోజుల్లో మామూలు షూస్ వేసుకోండి.